అంటించేవాడు, ఊడపీకేవాడు

మొన్న గుడివాడలో బందరు బస్సెక్కాను. గుడ్లవల్లేరు దాటాక ముందు సీట్లో ఇద్దరు డిగ్రీ అమ్మాయిలు జిరాక్సు నోట్సు ఒళ్ళో పెట్టుకుని ఒకరికొకరు ప్రశ్నలేసుకుంటున్నారు.

"కైనేజ్ ఏం చేస్తుందే?"

"అంటిస్తుంది."

"ఫాస్ఫటేజ్?"

"ఊడపీకుతుంది."

ఇద్దరూ కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు నేను పాతికేళ్ళ క్రితం ఒక తరగతి గది గుమ్మం బయట నిలబడి విన్నదే. ఆ మాటలు ఎవరు చెప్పారమ్మా అని అడిగాను.

"మా మేడమ్ చెప్పారండీ. మేడమ్‌కి వాళ్ళ సార్ ఎవరో చెప్పారంట."

"ఆ సార్ పేరేంటో తెలుసా?"

"తెలీదండీ. పాత సార్ ఎవరో."

తెలియకపోవడమే మంచిది. నేనూ రాయను. ఆయన పేరు ఒకసారి ఆయన్ని అడక్కుండా నలుగురిలో వాడుకున్నాను. ఆ వాడకం ఎంత దూరం పోయిందో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు. ఇక్కడ మాస్టారు అనే అంటాను.

మాస్టారు బందరులో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పేవారు. నాగాయలంక వైపు ఒక చిన్న ఊరు, తరాలుగా క్రైస్తవ కుటుంబం. తెలుగు మీడియం పిల్లలకు కణం గురించి చెప్పడం ఆయన ప్రత్యేకత. పాఠ్యపుస్తకంలో 'ఫాస్ఫారిలీకరణము' అని ఉండేది. ఆ మాటను ఆయన బోర్డు మీద రాసి, చుట్టూ గీత గీసి, "ఇది పరీక్షలో రాయడానికి. ఇప్పుడు అర్థం కావడానికి చెబుతాను," అనేవారు.

విషయం నిజానికి చిన్నదే. కణానికి బయటి నుంచి కబురు వస్తుంది. తలుపు దగ్గర ఒక గ్రాహకం దాన్ని అందుకుంటుంది. లోపల ఒక ప్రోటీన్ ఇంకో ప్రోటీన్‌కి, అది మరొక దానికి ఆ కబురు చేరవేస్తుంది. ఎలా చేరవేస్తుంది? ఫాస్ఫేట్ అనే చిన్న ముక్కను పక్కదానికి అంటించి. అంటించగానే పక్కది మేలుకుంటుంది. అలా అంటించే ప్రోటీన్ పేరు కైనేజ్. అంటించిన ముక్కను తీసేసి మళ్ళీ నిద్రపుచ్చేది ఫాస్ఫటేజ్. 

"తెలుగులో అంటించడమంటే రెండర్థాలు," అనేవారు మాస్టారు. "జిగురుతో అంటించొచ్చు. అగ్గిపుల్లతో అంటించొచ్చు. కైనేజ్ రెండూ చేస్తుంది. ముక్క అంటిస్తుంది, దాంతో కబురు అంటుకుంటుంది. ఇంగ్లీషు వాడికి ఈ సౌకర్యం లేదు. ఇక రెండోవాడు ఊడపీకేవాడు."

అక్కడ తరగతి మొత్తం నవ్వేది. ఎందుకు నవ్వేదో మన వాళ్ళకు చెప్పక్కర్లేదు. 'నువ్వేం ఊడపీకావు' అన్నది ఈ జిల్లాలో ప్రతి తండ్రీ కొడుకుని అడిగే మాట. ఆయన నవ్వు తగ్గేదాకా ఆగేవారు. ఆ తరవాత గొంతు పెంచకుండా అనేవారు: "నవ్వండి. మనలో ఎవరం ఏమీ ఊడపీకకపోయినా కణంలో నిజంగా పీకేవాడు ఒకడున్నాడు. వాడొక్క గంట సెలవు పెడితే మీరు లేరు."

నేను ఆయన్ని మొదట చూసింది ఈ పాఠం చెవినపడ్డ రోజే. కాలేజీలో మూఢనమ్మకాల మీద ఉపన్యాసం ఇవ్వడానికి వెళ్ళి, నా సమయం కోసం గుమ్మం బయట కాచుకుని ఉన్నాను. ఆ తరవాత గంటన్నర మాట్లాడాను. చేతబడి, వాస్తు, నాగదోషం, స్వస్థత కూటాలు, దేన్నీ వదల్లేదు. అయిపోయాక ఆయన టీ గ్లాసు అందిస్తూ, "చాలా బాగుందండీ. మొదటి అరగంట," అన్నారు.

"తరవాత?"

"కణం మీద అదే కబురు ఆపకుండా కొడుతుంటే ఏం చేస్తుందో తెలుసా అండీ? గ్రాహకాల్ని లోపలికి లాగేసుకుంటుంది. తలుపే ఉండదు ఇక. కొట్టేవాడు కొడుతూనే ఉంటాడు. మీకు చప్పట్లు కొట్టినవాళ్ళని గమనించాను. సగం మంది గ్రాహకాలు లోపలికి వెళ్ళిపోయాయి."

కోపం వచ్చింది. కానీ నలభై ఏళ్ళ ఉపన్యాస జీవితంలో నాకు అంత పనికొచ్చే విమర్శ ఇంకొకటి దొరకలేదు. పనికొచ్చింది అన్నాను గానీ వాడుకున్నానని అనలేదు.

ఆయనకొక అలవాటుంది. మాట వేడెక్కినప్పుడు బొటనవేలూ చూపుడువేలూ కలిపి, తన చొక్కా చేతి మీద కంటికి కనిపించని దేన్నో పట్టుకుని, గిల్లినట్టు తీసి, గాల్లోకి వదిలేసేవారు. అంతటితో ఆయన వైపు నుంచి ఆ తగాదా అయిపోయేది. ఎదుటివాడు ఎంత గింజుకున్నా మళ్ళీ అందుకోరు. స్టాఫ్ రూములో ఈ సైగ అందరికీ తెలుసు. ఎవరైనా ఇద్దరు కీచులాడుకుంటుంటే మూడోవాడు "పీకండి సార్, పీకండి" అనేవాడు.

'నియంత్రణ' అనే మాట ఆయనకు గిట్టేది కాదు. "నియంత్రణ అనగానే పిల్లలకు హెడ్ కానిస్టేబుల్ గుర్తొస్తాడండీ. కణంలో కానిస్టేబుల్ లేడు. అంటించేవాడున్నాడు, పీకేవాడున్నాడు. ఇద్దరూ ఒకే గదిలో, ఒకే పూట, విసుగు లేకుండా పనిచేస్తుంటారు. వాళ్ళ మధ్య తూకమే ప్రాణం. ఒక్కోసారి ఆ కబురు వల్ల పుట్టిన సరుకే వెనక్కి నడిచి వచ్చి, మొదట కబురు పట్టుకొచ్చినవాడి నోరు మూస్తుంది. ఎవరూ చెప్పరు. అదే వస్తుంది."

నేను ఊరుకుంటానా. "అంటే పైన అధికారి లేకుండానే వ్యవస్థ నడుస్తుందన్నమాట. మరి లోకానికి మాత్రం దేవుడెందుకు మాస్టారూ?" అన్నాను.

చొక్కా చేతి మీద నుంచి గిల్లి తీశారు. "నేను కణం దగ్గర ఆపాను. మీరు లోకానికి అంటించారు."

ఒకసారి పొద్దున్నే నన్ను గిలకలదిండి తీసుకెళ్ళారు, హార్బరులో చేపల వేలంపాట చూపిస్తానని. ఆయన చేపలు కొనడానికి కాదు, పాట వినడానికే వెళ్తారని అక్కడ అందరికీ తెలుసు. గంప ముందు కూర్చున్న ఒకావిడ, "ఏంటి మేస్టారూ, వలెత్తరు, చేప కొనరు, పాటకి మాత్రం అందరికంటే ముందొచ్చేస్తారు," అంది.

"నాకు మూడోసారి అనే మాట ఇష్టమమ్మా."

"అదేం ఇష్టమండీ బాబూ. మూడోసారి అన్నాక ఇంకేముంటది, సరుకు పోతది."

"పోవడం కోసమేగా పాట." తరవాత నా వైపు తిరిగి అన్నారు: "చూశారా. ఒకటోసారి అనడానికి గొంతుంటే చాలు. మూడోసారి అనేవాడు లేకపోతే పాట ఆగదు. పాట ఆగకపోతే ఎండెక్కుతుంది, చేప కుళ్ళుతుంది. కణంలో కబురు మొదలవడం గొప్ప కాదండీ. ఆగడం గొప్ప."

ఆయన జబ్బు సంగతి నాకు చెప్పింది ఆ రోజే. తిరిగి వస్తూ, ఆటోలో. ఎవరిదో జబ్బు గురించి చెప్పినట్టు చెప్పారు. తెల్లరక్తకణాలు లెక్క తప్పి పెరిగే కాన్సరు. ఎముక మూలుగలో ఎక్కడో ఒక కణంలో తొమ్మిదో క్రోమోజోము తోకా, ఇరవై రెండోదాని తోకా తారుమారై అతుక్కున్నాయి. ఆ అతుకు నుంచి ఒక కొత్త కైనేజ్ పుట్టింది. దానికి గొళ్ళెం లేదు. ఎవరూ కబురు పంపకపోయినా అంటిస్తూనే ఉంటుంది. పీకేవాళ్ళు ఎంత పీకినా సరిపోదు.

"మరి వైద్యం?"

జేబులోంచి మాత్రల అట్ట తీసి చూపించారు. "అంటించేవాడు ఫాస్ఫేట్ ముక్కని ఎక్కణ్ణించి తీసుకుంటాడో, ఆ గుంటలో ఇది వెళ్ళి కూర్చుంటుంది. వాడి చేతికి అగ్గిపుల్ల అందదు. వాడు చావడు. ఊరికే కూర్చుంటాడు. రోజుకొకటి, అన్నం తిన్నాక. ఇది వేసుకున్నన్నాళ్ళూ నాకేం ఫర్వాలేదు. వేసుకుంటూనే ఉండాలి."

పదేళ్ళకు పైగా అలా వేసుకున్నారు. పాఠాలు చెప్పారు, రిటైరయ్యారు, పొద్దున్నే హార్బరుకు నడిచారు. సంవత్సరానికొకసారి, తన పుట్టినరోజు దగ్గర పడ్డ ఆదివారం, గుడిలో సాక్ష్యం చెప్పేవారు. వాళ్ళు చర్చిని గుడి అనే అంటారు. సాక్ష్యమంటే దేవుడు తనకు చేసిన మేలు సంఘం ముందు నిలబడి చెప్పడం. మాస్టారు జేబులోంచి అట్ట తీసి పైకెత్తి, జబ్బు పేరు మాత్రం చెప్పకుండా, "దేవుడు నాకు ఈ మాత్రనిచ్చాడు," అని కూర్చునేవారు. అందరి సాక్ష్యాలకూ స్తోత్రం అని గట్టిగా వినిపించేదిట, ఆయన సాక్ష్యానికి కొంచెం నీరసంగా. పక్కన మాత్ర ఉంటే అద్భుతం చిన్నబోతుంది కదా. ఆయన భార్య, రిటైరైన ఎలిమెంటరీ స్కూలు టీచరు, ఆ ఒక్క రోజూ తల దించుకుని కూర్చునేవారని ఆయనే నవ్వుతూ చెప్పారు. "ఆవిడకి నేను పూర్తిగా బాగవ్వాలని ఉందండీ. నాకు బతికుంటే చాలు."

నేను ఆ సాక్ష్యాన్ని ఎగతాళి చేసేవాణ్ణి. "దేవుణ్ణి తీసేసి చెప్పండి, మా సభలో చప్పట్లు మోగుతాయి," అనేవాణ్ణి.

"వాళ్ళు మాత్ర తీసేసి చెప్పమంటారు. మీరు దేవుణ్ణి తీసేసి చెప్పమంటారు. నాకు రెండూ కావాలి. నా జేబులో రెండింటికీ చోటుంది. మీకెందుకండీ ఇరుకు?"

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి.

గుడివాడలో స్వస్థత ప్రార్థనల మీద చర్చాసభ. అవతలి పక్షం వక్త బాగా మాట్లాడాడు. అతని మాటలకు హాలు ఊగింది. నా వంతు వచ్చేసరికి నాకు ఒక పిడికిలి కావాలి, బల్ల మీద గుద్దడానికి. దొరికింది. "బందరులో మా జువాలజీ మాస్టారున్నారు," అని పేరూ, జబ్బూ, అన్నీ చెప్పాను. "ప్రతి ఆదివారం చర్చికి వెళ్తారు. ప్రతి రోజూ మాత్ర వేసుకుంటారు. ఏది బతికిస్తోంది? దమ్ముంటే ఆర్నెల్లు మాత్ర మాన్పించి, ప్రార్థన మీద బతికించి చూపించండి. ఈ కలం ఇక్కడే విరిచేస్తాను." కలం తీసి పైకెత్తాను. హాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. సవాలు విసరడం మా హేతువాద ఉద్యమంలో పాత ఆచారం. అవును, ఆచారమే. ఆ మాట మేము వాడం గానీ.

ఎవరో ఫోన్లో తీశారు. వారం తిరక్కుండా ఆ వీడియో మాస్టారి సంఘం వాట్సాప్ గ్రూపుకు చేరింది. దగ్గరి బంధువులకు కూడా చెప్పకుండా ఆయన భార్య దాచుకున్న కాన్సరు మాట బజారెక్కింది. ఆవిడ నాకు ఫోను చేశారు. తిట్టలేదు. "మా ఆయన్ని పందెంలో పెట్టారా అన్నయ్యగారూ," అని ఒక్క మాట అడిగి పెట్టేశారు.

వాళ్ళ పాస్టరు గారు పెద్దాయన, నెమ్మదస్తుడు. మాత్ర మానమని ఆయన ఎన్నడూ అనలేదు. నిజం చెప్పాలి కదా, అనలేదు. కానీ ఆ నెలలోనే మూడు సాయంత్రాల ఉపవాస కూటాలు జరిగాయి. బయటినుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు ఆ వీడియో సంగతి ఎత్తి, "ఈ సంఘం సవాలు స్వీకరిస్తోందా?" అని అడిగాడు. అడిగేవాడికి పోయేదేముంది, మర్నాడు వేరే ఊరు. సంఘమంతా లేచింది. మాస్టారి భార్య కూడా చేతులెత్తి లేచి నిలబడ్డారు. మాస్టారు కుర్చీలో కూర్చుని ఆవిడ వైపు చూశారు.

"మా ఆవిడ నా కోసం ఏడవడం చాలాసార్లు చూశానండీ," అన్నారు తరవాత నాతో. "సంతోషంతో ఏడవడం అదే మొదటిసారి చూడటం. ఆ చేతులు పట్టుకుని దించలేకపోయాను."

మర్నాటి నుంచి మాత్ర లేదు.

నాకీ సంగతి మూడు నెలల తరవాత తెలిసింది. ఆ రోజే బందరు పరిగెత్తాను. ఆయన వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. మనిషి బాగానే ఉన్నారు. నేను నిలబడే అరిచాను. "మీరు చదువుకున్నవారు. మీరే ఈ పని చేస్తే ఇక వేరేవాళ్ళని ఏమనాలి?"

"కూర్చోండి. జబ్బు బాగా అణిగిన కొందరికి డాక్టర్లే మాన్పించి చూస్తున్నారు. కొందరికి తిరగబెట్టడం లేదు."

"నెలనెలా రక్తపరీక్ష చేస్తూ మాన్పిస్తారు. తిరగబెడితే వెంటనే మళ్ళీ మొదలుపెడతారు. మీరు పరీక్ష చేయిస్తున్నారా?"

ఆయన పేపరు మడతపెట్టారు.

"చేయిస్తున్నారా లేదా?"

"పరీక్ష చేయిస్తే నమ్మకం లేనట్టట. మా ఆవిడ అడిగింది, పరీక్షించుకునేది నమ్మకం ఎలా అవుతుందని. తర్కం ప్రకారం ఆవిడ ప్రశ్న సరైందేనండీ. మీరైనా అదే అడుగుతారు."

"అయితే ఇవాళే దొడ్లోకి వెళ్ళి ఒక మాత్ర వేసుకోండి. ఎవరికి తెలుస్తుంది?"

ఆయన నా వైపు వింతగా చూశారు. "ఆవిడకి తెలియకుండా వేసుకుని, ఆర్నెల్లయ్యాక గుడిలో నిలబడి మాత్ర లేకుండా బతికానని చెప్పమంటారా? అబద్ధసాక్ష్యమా? మీరేనా ఈ మాటంటున్నది?"

తరవాత ఆయన అడిగింది ఒకే ఒక్కటి. ఆ అడగడం ఇప్పటికీ చెవుల్లో ఉంది. "ఆర్నెల్లన్న గడువు మీరు పెట్టింది. మీరే తీసెయ్యండి. ఈ ఆదివారం మా గుడికి రండి. లేచి నిలబడి, నా సవాలు వెనక్కి తీసుకుంటున్నాను, మాస్టారి పేరెత్తడం నా తప్పు అని ఒక్క వాక్యం చెప్పండి. వాళ్ళు మంచివాళ్ళండీ. మీరొక మెట్టు దిగితే వాళ్ళూ దిగుతారు. మా ఆవిడే మాత్ర తెచ్చి నా చేతిలో పెడుతుంది. ఎవరూ గెలవరు, ఎవరూ ఓడిపోరు. నేను సోమవారం నుంచి వేసుకుంటాను."

నేనేమన్నానో తెలుసా?

"నేను గుడిలో అడుగు పెట్టను మాస్టారూ. నలభై ఏళ్ళ నియమం. గుడివాడ సభలో చెబుతాను."

తప్పకుండా చెబుతారా అని అడిగారు. తప్పకుండా అన్నాను. గుడివాడలో తరవాతి సభ విషయం వేరు. ఆ తరవాతి సభ వాయిదా పడింది. ఇవి సాకులు కావని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఇలా నచ్చజెప్పుకునేవాళ్ళ మీద నేను పుస్తకాలు రాశాను.

ఆరు నెలలూ గడిచాయి. మాస్టారికి ఏమీ కాలేదు. సంఘం పండుగ చేసుకుంది. ఆయన్ని నిలబెట్టారు. ఆయన, "నేను బతికే ఉన్నాను," అని చెప్పి కూర్చున్నారట. ఆసారి స్తోత్రం అన్న మాట వీధి చివరిదాకా వినిపించిందట. ఆ మర్నాటి నుంచి నాకు ఫోన్లు. "కలం విరిచారా సార్?" "మా దగ్గర సుత్తి ఉంది, పంపమంటారా?" గుడివాడ సెంటర్లో టీ తాగుతుంటే ఒక పరిచయస్తుడు, "బావా, కలమా, పెన్సిలా, ఏది విరుస్తున్నావు?" అన్నాడు.

నేను కలం విరవలేదు. దానితోనే వ్యాసం రాశాను. ఈ జబ్బులో ఆర్నెల్లు ఏ లెక్కలోకీ రావని, లోపల అణిగి ఉన్న కణాలు మెల్లగా పెరుగుతాయని, ఏడాదో రెండేళ్ళో చూస్తే గానీ తేలదని వివరంగా రాశాను. అందులో శాస్త్రపరంగా ఒక్క తప్పు లేదు. అచ్చయిన రోజు మాస్టారికి పంపాను.

జవాబు వచ్చింది. "వ్యాసం బాగుంది. ప్రతి వాక్యం నిజం. సోమవారం నుంచి మాత్ర మొదలుపెడదామని మా ఆవిడా నేనూ అనుకున్నాం. గడువు అయిపోయింది కదా అని ఒప్పుకుంది. ఇవాళ మీ వ్యాసం ఎవరో ఆవిడకి చూపించారు. రెండేళ్ళూ చూపిద్దామంటోంది. మళ్ళీ అంటించారు."

పాఠకులారా, ఇది చదివి మీలో కొందరు ఆ ఇల్లాలి మీద కోప్పడతారు. కొందరు ఆ ప్రసంగీకుడి మీద. కోప్పడండి. రోగి చేతిలోంచి మందు లాగేసే ఏ నమ్మకాన్నీ నేను క్షమించను. ఇప్పటికీ హేతువాదినే, ఆ మాట ఇంకా గట్టిగా అంటాను. కానీ నా సంగతి వేరే చెప్పాలి. ఆవిడకు తెలియదు. నాకు తెలుసు. గొళ్ళెం లేని అంటించేవాడు ఎలా ఉంటాడో ఆటోలో ఆయన పక్కన కూర్చుని వివరంగా చెప్పించుకున్నవాణ్ణి. చెప్పించుకుని, నేనూ వాడిలాగే ఉన్నాను.

మాత్ర మానేసిన పదో నెలలో జ్వరం మొదలైంది. ఎడమ పక్కటెముకల కింద బరువు, చిగుళ్ళ నుంచి రక్తం. ఈసారి ఆవిడే ఆసుపత్రికి తీసుకెళ్ళారు, ఎవర్నీ అడక్కుండా. మాత్ర మళ్ళీ మొదలుపెట్టారు, తరవాత దానికంటే గట్టిది ఇచ్చారు. చాలామందికి మళ్ళీ మొదలెడితే పనిచేస్తుంది. ఈయనకు ఆలస్యమైంది. జబ్బు రూపం మార్చింది.

ఆసుపత్రిలో నన్ను చూసి మంచం పక్క స్టూలు చూపించారు. గొంతు సన్నబడింది. పాఠం మాత్రం మానలేదు.

"ఆ అంటించేవాడు గుంట ఆకారం మార్చేసుకున్నాడండీ. మాత్ర వెళ్తుంది గానీ కూర్చోలేకపోతోంది. ఎంత తెలివైనవాడో చూడండి. వాడికి బుర్ర లేదు, అయినా."

"మాస్టారూ, నన్ను నాలుగు తిట్టండి."

"ఎందుకు?"

"తిట్టండి."

ఆయన చెయ్యి పైకి లేచింది. సూది గుచ్చిన చెయ్యి, కమిలిపోయి ఉంది. ఆ వేళ్ళు ఈసారి తన చొక్కా మీదికి పోలేదు. నా చేతి మీదికి వచ్చి, నా చొక్కా మీద నుంచి దేన్నో తీసి, పక్కకు వదిలాయి. నేను ఏడ్చాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. అది క్షమించడమా, తగాదా చాలించడమా, నాకు తేల్చుకోవడం కుదరలేదు. ఇక కుదరదు కూడా.

పన్నెండు రోజుల తరవాత పోయారు. వాళ్ళ ఊరి సమాధుల తోటలో పెట్టారు. బందరు నుంచి చల్లపల్లి మీదుగా నేనూ వెళ్ళాను. మోపిదేవిలో భక్తుల బస్సులు అడ్డం పడి అరగంట ఆగిపోయాం. పక్క సీట్లో ఒక పిల్లాపాపల కుటుంబం మొక్కుకు వెళ్తోంది. ఏం మొక్కు అని అడిగి వాదించే అలవాటున్నవాణ్ణి. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

సమాధుల తోటలో పాస్టరు గారు నా దగ్గరకు వచ్చారు. "ఆ రోజు కూటంలో నేను లేచి వద్దనాల్సిందండీ," అన్నారు. నా వంతు మాట నేను చెప్పాలి. జీవితమంతా వేదికల మీద మాట్లాడినవాడికి ఆ మనిషి ముందు ఒక్క వాక్యం దొరకలేదు. ఆ వాక్యం మాస్టారు నాకు ముందే రాసిచ్చారు కూడా.

ఇంకో పక్క మా వాళ్ళు. సంస్మరణ సభ పెడదాం, కరపత్రం వేద్దాం, 'మూఢనమ్మకానికి బలి' అని పేరు పెడదాం, ప్రధాన వక్త మీరే అన్నారు. వద్దన్నాను. నా మాట వినలేదు. ఎందుకు వింటారు? ఇలాంటి చావు చేజార్చుకోకూడదని వాళ్ళకు నేర్పింది నేనే. కరపత్రం అచ్చయింది. సభకు నేను వెళ్ళలేదు, అంతే. సభ బాగా జరిగిందని విన్నాను.

పోయినవారి ఇంట్లో జరిపే ఆదరణ కూడిక అయిన వారం తరవాత ఆవిడను చూడటానికి బందరు వెళ్ళాను. తలుపు తీసి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చారు. కరపత్రం సంగతి ఎత్తుతారని బిగుసుకుని కూర్చున్నాను. ఎత్తలేదు. ఎదురుగా కూర్చుని కాసేపు చీర అంచు సవరించుకున్నారు.

"అన్నయ్యగారూ, ఒకటడుగుతాను. మీరేమైనా అంటారు గానీ అబద్ధం మాత్రం చెప్పరని ఆయన అనేవారు."

"అడగమ్మా."

"ఆ మాత్ర మానకపోతే ఆయన ఉండేవారా?"

ఉండేవారు. ఇవాళ పొద్దున కూడా హార్బరుకు నడిచేవారు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. తెలిసిన నిజాన్ని దాచడం నేరమని నేను ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. కానీ ఆ నిజం నా నోట్లోంచి వెళ్ళి ఎక్కడ పడుతుందో కనిపిస్తోంది. ఆవిడ చేతులెత్తి, కళ్ళు తడిసి, సంతోషంగా లేచి నిలబడ్డ ఆ ఒక్క సాయంత్రం మీద పడుతుంది. ఆవిడను అక్కడ నిలబెట్టిందెవరు?

"లేదమ్మా," అన్నాను. "ఉండేవారు కాదు. ఆ జబ్బు అంతే."

ఆవిడ నా చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకున్నారు.

"ఆసుపత్రిలో అడిగితే ఆయన కూడా అలాగే చెప్పారండీ," అన్నారు. "ఇలాగే, నేల వైపు చూస్తూ."